పిల్లలకు జీతాలు

ఆదివారం పొద్దున్నే తల్లి వంటింటి తలుపుకు ఒక కాగితం అతికించి, పిల్లలిద్దరినీ ఎదురుగా నిలబెట్టింది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఏదైనా ఒక పద్ధతిలో జరగాలంటుంది.

"తిన్న కంచాలు తీస్తే ఒక నాణెం. చెప్పులు వరసగా పెడితే ఇంకోటి. ఆరిన బట్టలు మడతపెడితే రెండు. శనివారం సాయంత్రం చేతికిస్తాను. పని ఎగ్గొడితే ఏమీ రాదు."

"పళ్ళు తోముకుంటేనో?" అన్నాడు ఆరేళ్ల బుడ్డోడు.

"నీ పళ్ళకి నేనెందుకివ్వాలిరా?"

ఎనిమిదేళ్ల పెద్దది కిసుక్కున నవ్వింది. పొయ్యి దగ్గర పాలు కాస్తున్న తండ్రీ నవ్వాడు. ఆయన పనిచేసిన ప్రింటింగు ప్రెస్సు మూతపడి ఏడాది కావస్తోంది. ఉద్యోగం కోసం తిరుగుతూనే వంటావార్పూ, పిల్లల బడీ ఆయనే చూసుకుంటున్నాడు.

"కష్టపడాలి. ఊరికే కూర్చుంటే ఎవరూ ఇవ్వరు," అంది ఆమె పిల్లలతో.

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

నాలుగు రోజులు పిల్లలు పోటీపడి పనులు చేశారు. తర్వాత బుడ్డోడికి మోజు తీరిపోయింది. శనివారం ఆమె ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమైపోయి ఉంది. రిపోర్టు ఆలస్యమైందని ఒక రోగి బంధువు అందరిముందూ నానా మాటలూ అన్నాడు. భోజనాల దగ్గర పెద్దదాని చేతిలో డబ్బులు పెట్టి, బుడ్డోడికి సగమే ఇచ్చింది.

"బట్టలు నువ్వు మడతపెట్టలేదట."

"నాన్న పెట్టాడు. అయితే ఆ డబ్బులు నాన్నకివ్వు."

"నాన్నకి ఇస్తూనే ఉన్నానుగా, మూడు పూటలా."

అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో ఆమెకు తెలియలేదు. ఆయన తన కంచం తనే తీసుకుని లేచాడు. పొరపాటున అన్నానని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. రేపు చెప్పొచ్చులే అనుకుంది.

సోమవారం తెల్లారకముందే ఆయన గోదాములో మూటలు మోసే పనికి వెళ్ళిపోయాడు. పిల్లలు బడినుంచి వచ్చి పక్కింటి గుమ్మంలో కూర్చోవడం మొదలైంది. వారమంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. శనివారం సాయంత్రం ఆయన గోడ పట్టుకుని లోపలికి వచ్చేసరికి ఆమె ఆగలేకపోయింది.

"నడుం నొప్పి పెట్టుకుని ఆ పనేంటండీ? మంచాన పడితే ఎవరు చూస్తారు?"

"చూడక్కర్లేదు. పెట్టిన తిండికి బాకీ పడకుండా ఉంటే చాలు."

"ఒక్క మాట పట్టుకుని ఇంత సాధిస్తారా?"

"ఒక్క మాటే. ఏడాదినుంచీ నీ నోట్లో ఎక్కడో ఉన్న మాటే."

ఆమె మాట మార్చాలని పెద్దదాన్ని పిలిచి, ఆ వారం డబ్బులు ఇవ్వబోయింది. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది.

"నాకొద్దమ్మా."

"ఎందుకే? పనులన్నీ చేశావుగా."

"తీసుకుంటే, రేపు నన్ను కూడా అలాగే అంటావు."

బుడ్డోడు అక్క వెనక్కి నక్కాడు. ఇచ్చేస్తే అమ్మ ఏమీ అనదనుకున్నాడో ఏమో, తన నాణేలు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆమె అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. పిల్లలు దగ్గరికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డారు. అది ఆమెను మరింత ఏడిపించింది.

పిల్లలు పడుకున్నాక నొప్పి మందు తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు.

"అలా అనడం తప్పే. క్షమించండి."

"పిల్లల ముందు అనకుండా ఉండాల్సింది."

"ఎవరూ లేకపోయినా అనకూడదు. అసలు అనుకోనేకూడదు."

ఆయన గోడవైపే చూస్తూ అన్నాడు. "కోపం పోయింది. ఈ ఇంట్లో తింటుంటే మాత్రం ఇంకా ముద్ద దిగట్లేదు."

మన ఇల్లు అనలేదు. ఈ ఇల్లు అన్నాడు. ఆమె ఆయన నడుముకు మందు రాయసాగింది. ఆయన ఆమె చేతిని తోసెయ్యలేదు. ఇటు తిరగనూ లేదు.