ఒంటిమీద కుట్టు

బహ్రెయిన్‌లోని సనాబిస్‌లో నాది చిన్న టైలరింగ్ షాపు. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, స్కూలు యూనిఫాంలు, ఇక్కడి ఆడవాళ్ల నల్ల అబాయాలకి అంచులు. ఇరవై ఏళ్లుగా అదే పని. పని దగ్గర నాకు నోరెక్కువని నా కూతురు ఏంజెల్ అంటుంది. ఉంటే ఉంది. వంకర కుట్టు చూసి నవ్వుతూ కూర్చోవడం నా వల్ల కాదు.

మా తెలుగు ఫెలోషిప్ జరిగే హాల్లోనే మా తర్వాత ఇంగ్లీషు ఆరాధన ఉంటుంది. దానికి వచ్చే అమెరికా ఆవిడ రూత్ మేడమ్, ఏటా విదేశీయుల క్లబ్బులో ఒక సంగీత నాటకం వేయిస్తుంది. ఈసారిది నూరేళ్లు దాటిన అమెరికా నాటకం. ఎక్కడా లేని ఒక రాజ్యం, మారువేషంలో రాకుమారి, మీసాల సిపాయిలు, ఆఖరున వాల్ట్జ్ అనే జంట నాట్యానికి ఒక పాట. ఏంజెల్ గొంతు విని మేడమ్ దాన్ని వెనక గుంపులోకి తీసుకుంది. నాటకం మూడు రోజులుందనగా రాకుమారి వేసే అమ్మాయికి జ్వరమొచ్చి గొంతు పోయింది. ఆ వేషం మా దానికొచ్చింది. నాకున్నది ఆ ఒక్క పిల్ల. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

గౌను అమెరికా నుంచి అద్దెకి వచ్చింది. ఆ నాటకం మొదటిసారి ఆడినప్పటిదట. తెల్లటి శాటిన్ కాస్త పసుపు తిరిగింది. నాఫ్తలీన్ వాసన, పాత పౌడరు వాసన, వాటి అడుగున ఇంకేదో తడి వాసన. భుజాలు కురచ, చేతులు పొడుగు. లోపలి మడతలు విప్పీ వేసీ ఏంజెల్ కొలతకి తెచ్చాను.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నాటకం. బయట ఎండ మండిపోతోంది. లోపల కిటికీల్లేని హాలు, నల్ల తెరలు. స్టేజీ పక్కన మేం నిలబడ్డ చోట ఒక నిలువుటద్దం, ఒక్క నీలం బల్బు. వాల్ట్జ్‌కి పియానో మొదలైంది. అప్పుడు గౌను వీపున హుక్కులు ఊడటం మొదలుపెట్టాయి. పైనుంచి కిందికి... ఒకదాని తర్వాత ఒకటి... ఎవరూ ముట్టుకోలేదు.

"అమ్మా, కుట్టేయ్. టైం లేదు," అంది ఏంజెల్.

ఒంటిమీద ఉండగా బట్ట కుట్టకూడదు. అలా కుట్టేది శవానికేనని మా అమ్మ నరసాయమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తప్పనిసరైతే, వేసుకున్న మనిషి పళ్ల మధ్య ఒక దారప్పోగు పెట్టాలి. ఇలాంటివి నమ్మకూడదని మా పాస్టరుగారు అంటారు. అయినా నేను ఏనాడూ పోగు లేకుండా కుట్టలేదు. ఆ వేళా పోగు తెంపి అందించాను.

"పాడాలి కదమ్మా. నోట్లో దారం పెట్టుకుని ఎలా పాడను?"

నిజమే. పోగు పారేసి కుట్టేశాను. మెడ నుంచి నడుము దాకా దగ్గర దగ్గర కుట్లు. ఆఖరి ముడి బిగించగానే పిల్ల వీపు ఒక్కసారి కొయ్యబారింది. మారు మాట్లాడకుండా వెలుగులోకి వెళ్లింది.

అంత బాగా అది ఎప్పుడూ పాడలేదు. నా ఒళ్లు గగుర్పొడిచింది, మొదట సంతోషంతోనే. నా పక్కన పాటల పుస్తకం పట్టుకున్న రూత్ మేడమ్ పేజీ తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఈ చరణం ఇందులో లేదు," అని గొణిగింది.

పియానో ఆగిపోయింది. పాట ఆగలేదు.

చివరికి తెర పడింది. స్టేజీ దీపాలు ఆర్పేశారు. చీకట్లో శాటిన్ గరగరమంటూ నా వైపు వచ్చింది. ఆ తడి వాసన ముందే వచ్చింది.

"ఏంజెల్," అన్నాను.

అద్దం ముందు నాకు వీపు పెట్టి నిలబడింది. కుట్లు విప్పుదామని నడుము మీద చెయ్యి వేశాను. నా చేతికింద, బట్టలోంచి...

"అమ్మా... ఇరుకుగా ఉంది."

చిన్న గొంతు. నా పిల్లదే. తలెత్తి చూశాను. నీలం బల్బు వెలుగులో, అద్దంలో దాని పెదవులు మూసి ఉన్నాయి. కళ్లు నన్నే చూస్తున్నాయి. యేసయ్యా అనడానికి కూడా నోరు రాలేదు.

"విప్పకమ్మా... నేను ఇందులో..." అంది బట్టలోని గొంతు.

"కత్తిరించు," అంది అద్దంలోది, మెల్లగా.

ఆ పాడు గౌను దాని ఒంటిమీంచి పోతే చాలనుకున్నాను. ఇంకేం ఆలోచించలేదు. కత్తెర పెట్టి మెడ నుంచి నడుము దాకా పరపరా కుట్లు కోసేశాను. గౌను జారి కిందపడింది. ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. నా కూతురు గౌనులోంచి అడుగు బయటపెట్టి, నన్ను చూసి నవ్వింది.

ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. అలసిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం షాపులో, అంతకుముందు వారం నేను కుట్టిన జాకెట్టు వేసుకుని చూసింది. భుజాలు జారాయి. చేతులు పొట్టయ్యాయి. టేపు తీశాను. చక్కిలిగింతలని ఏంజెల్ నా టేపు కింద ఒక్క నిమిషం కుదురుగా నిలబడి ఎరగదు. ఇది గడ్డం ఎత్తి, చేతులు ఒంటికి దూరంగా పెట్టి, కదలకుండా నిలబడింది. కొలతలు చూశాను. నేను మడతలు ముట్టుకోకముందు ఆ గౌనుకున్న కొలతలు అవి.

దాన్ని లోపలి గదిలోకి పంపి రూత్ మేడమ్‌కి ఫోన్ చేశాను. గౌను ఆదివారమే ప్యాక్ చేసి కార్గోకి ఇచ్చేశానంది. ఆ కార్గోలో సామాను ఎక్కించే నర్సింగ్‌కి ప్యాంట్లు కుట్టేది నేనే. వెంటనే అతనికి కలిపాను.

"ఆ పెట్టెనా అక్కా? నేనే ఎక్కించిన. పొద్దుగాల్ల ఫ్లైటుకు అమెరికా పోయింది." గొంతు తగ్గించాడు. "అండ్ల ఏమున్నదక్కా?"

"గౌను. ఎందుకు?"

"ఏం లేదు... ఎత్తుతుంటే లోపట్నుంచి ఎవరో తట్టినట్టయింది. గోడౌన్ల నేను తప్ప తెలుగోళ్లు లేరు. అమ్మా అని ఇనవడ్డదక్కా."

ఫోన్ పెట్టేశాను. నా పిల్ల విప్పొద్దంది. నా చేతులతో నేనే విప్పి, నా పిల్లని పెట్టెలో పంపేశాను.

"ఎవరమ్మా ఫోనులో?" అని లోపలి గదిలోంచి అడిగింది. అచ్చం ఏంజెల్ గొంతే.

నేను ఆ గది తలుపు వైపు చూశాను. ఆ గదికి ఇంకో దారి లేదు, లోపల అది ఒక్కతే ఉంది. కాసేపటికి, దాని పక్క నుంచే, ఇంకెవరో ఆడమనిషి మెల్లగా ఇంగ్లీషులో దానికి జవాబు చెప్పింది. అమ్మా అని అది పిలిచింది నన్ను కాదు.