మేకుల గట్టు

దీపాలు పెట్టే వేళ. పొద్దటి నుంచి ముసురు. కరెంటు లేదు.

దబీర్‌పురాల మా గల్లీ చివర ఒక మట్టి గట్టుంది. మేకుల గట్టంటరు. చీకటి పడ్డంక అటు ఎవరూ పోరు. ఆటోవాళ్లు కూడా "ఉధర్ నక్కో అమ్మా, అటొద్దు" అని మలుపు కాడనే దించేస్తరు.

పోయిన వానలకు ఆ గట్టు జారింది. మా పక్కింటి చంద్రమ్మ బిడ్డ విమల దాని కింద పడి చచ్చిపోయింది. చంద్రమ్మకు ఇంకెవరూ లేరు. లారీ షెడ్డుల ఊడ్చే పని చేసుకొని బతుకుతది.

తర్వాత కంపెనీవాళ్లొచ్చిండ్రు. గట్టులోకి లోతుగా బొక్కలు తొలిచిండ్రు. పొడుగు పొడుగు ఇనుప కడ్డీలు దింపి సిమెంటు పాలు పోసిండ్రు. మీద ఇనుప తీగెల జాలీ పరిచి సిమెంటు కొట్టిండ్రు. ఒక్కో కడ్డీ మొనకు ఇనుప బిళ్ల, బిళ్ల మీద నట్టు.

మనిషికి దయ్యం పడితే మంత్రగాడు ఏం చేస్తడు? చెట్టుకు మేకు కొట్టి దాన్ని కట్టేస్తడు. బస్తీ మొత్తం గదే అనుకున్నది — విమలను గట్టుల కట్టేసిండ్రని. నట్లకు నిమ్మకాయలు కట్టిండ్రు.

మేస్త్రి బాలనర్సింహ నవ్విండు. "ఒక్క దయ్యానికి గింత ఇనుమా? మా సేటు దివాలా తీస్తడమ్మా! ఇవి మట్టి జారకుండ లోపల్నుంచి పట్టుకునేటందుకు. నట్లూడితే గట్టు మళ్ల కిందికొస్తది."

ఎవరూ నమ్మలే. నేనూ నమ్మలే.

పని అయిపోయి వాళ్లు పోయిండ్రు. ఆ తర్వాతనే చప్పుడు మొదలైంది. చీకటి పడంగనే... కిర్ర్... కిర్ర్... విమల మేకులు పీక్కుంటున్నదన్నరు.

ఆ సాయంత్రం నా బిడ్డ కమల గాజుల కార్ఖానా నుంచి ఇంకా రాలే. పెద్ద సడక్ మీద నడుముల దాక నీళ్లు. అంటే... గట్టు కిందనుంచే రావాలె.

నేను చెప్పులు తొడుక్కున్న. మా ఆయన రాజన్న కందిలి పట్టుకొని ముందు నడిచిండు.

మలుపు దాటినం.

కిర్ర్...

ఆయన ఆగిండు. "వినవడ్డదా?"

"ఊఁ."

"ఎనకకు పోదాం."

"బిడ్డ?"

ఆయన కందిలి ఒత్తి పెద్దగ చేసిండు.

ఇంకొంచెం ముందుకు పోయినం. గట్టును ఆనుకొని — ఒక ఆడమనిషి. జుట్టు విరబోసుకొని ఉన్నది. రెండు చేతులతో మేకును పట్టుకొని తిప్పుతున్నది...

ఆయన కందిలి ఎత్తిండు.

చంద్రమ్మ!

చేతుల లారీ షెడ్డు పానా, నట్లు విప్పేది. కొంగు నిండ నట్లు. మా దిక్కు చూసింది గాని పని ఆపలే.

"ఏంది అక్కా ఇది?"

"మెల్లగ మాట్లాడు. మా విమల భయపడ్తది." పానా మళ్ల తిప్పింది. "రోజూ పిలుస్తున్నది. ఊపిరాడ్త లేదవ్వా అంటది. మీరు నిమ్మకాయలు కట్టుకున్నరు... కన్నదాన్ని, నేనేం జేయాలె?"

గట్టు మీదికెల్లి ఒక రాయి దొర్లింది. తర్వాత మట్టి — సన్నగ, జల్లెడ పట్టినట్టు.

అప్పుడే అవతలి కొసకెల్లి పిలుపు. "అమ్మా! నువ్వేనా?"

కమల. గట్టు కిందికి వచ్చేసింది.

మేస్త్రి మాట అప్పుడు నమ్మిన.

"ఆగు! అక్కడనే ఆగు!"

వినవడలే దానికి. నవ్వుకుంట వస్తున్నది. నేను ఉరికిన. రెక్క పట్టుకొని గుంజుకొచ్చిన. ఆయన చంద్రమ్మ నడుం పట్టి లాగిండు. పానా మాత్రం ఆమె వదల్లే.

ఎనక పెద్ద చప్పుడైంది. సిమెంటు, జాలీ, మట్టి — గల్లీ మొత్తం నిండింది. తిరిగి చూడలే.

ఇంటి కాడ తలుపు తీసి పట్టుకొని నిలబడ్డ. ఒక్కొక్కరిని చూసుకున్న. కమల లోపలికి వచ్చింది. ఆయన వచ్చిండు. చంద్రమ్మ ఒక్కతే గడప అవతల వానల నిలబడ్డది.

"రా అక్కా. నువ్వొస్తే అందరం వచ్చినట్టే."

చంద్రమ్మ కదల్లే. మొఖం మీద ఏడుపు లేదు... నవ్వున్నది.

"జరుగు," అన్నది. "ముందు నా బిడ్డను రానియ్యి."

జరిగిన.