అమ్మకు దౌడ పన్ను పీకిన మర్నాడు

ఆదివారం ఆరాధన ముగింపుకొచ్చింది. నాచారంలోని ఆ రేకుల చర్చిలో రెండే ఫ్యాన్లు. ఉక్కపోతకు పిల్లలు చాపల మీద కుదురుగా కూర్చోలేకపోతున్నారు.

"ప్రార్థన విన్నపాలు ఉన్నోళ్లు చెప్పండి" అన్నారు పాస్టర్ గారు.

ఐదో తరగతి చదివే దీవెన గబుక్కున లేచి నిలబడింది. మామూలుగా పెద్దవాళ్లే లేస్తారు. అందుకే అందరూ తలలు తిప్పి చూశారు. ఆ చూపులు దీవెనకు భలే నచ్చాయి.

"నిన్న ఉప్పల్ దవాఖానల మా అమ్మకు లోపలి దౌడ పన్ను పీకిన్రు. జ్ఞానదంతం అంటరంట. అది అడ్డం మొలిసిందంట. చిగురు కోసి తీసిన్రు. మూడు కుట్లు పడ్డయి. మస్తు రక్తం పోయింది."

"అయ్యో" అన్నారు ఆడవాళ్లంతా ఒక్కసారే. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. కానీ ఆ "అయ్యో" వినగానే దీవెనకు ఇంకా హుషారు వచ్చింది.

"అమ్మ మంచం మీదకెల్లి లేస్తలేదు. అందరు మా ఇంటికొచ్చి ప్రార్థన చెయ్యుండ్రి!" అంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుడి బుగ్గ బాగా వాచింది. పేరు సువార్తమ్మ. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. రెండు నెలలుగా ఆ పన్ను నొప్పితోనే డ్యూటీకి వెళ్లింది. రాత్రంతా కన్ను మూతపడలేదు. ఇప్పుడిప్పుడే రెప్పలు వాలుతున్నాయి.

నాన్న దేవానందం పొద్దున్నే షిఫ్టుకు వెళ్తూ దీవెనకు గట్టిగా చెప్పి వెళ్లాడు. "అమ్మతోని మాట్లాడియ్యకు. ఇయ్యాల గట్టిగ ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, వేడివి తాగొద్దు. పన్ను తీసిన కాడ రక్తం గడ్డ కట్టి ఉంటది. అది కదిలిందంటే గాయం మానదు అన్నడు డాక్టర్."

దీవెన ఆ మాట బాగానే గుర్తుంచుకుంది. అమ్మతో చేతి సైగలతోనే మాట్లాడింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

అంతలో తలుపు చప్పుడైంది. చర్చికొచ్చే రాజ్యం అత్త బ్రెడ్ ప్యాకెట్ పట్టుకుని వచ్చింది. ఆమె కూర్చుందో లేదో, పాటలు పాడే ఆడవాళ్లు నలుగురు వచ్చారు. వాళ్ల వెనక ఇంకో ముగ్గురు. ఒంట్లో బాగాలేని మనిషిని ఒంటరిగా వదలడం ఆ చర్చివాళ్లకు చేతకాదు. వచ్చినవాళ్లందరికీ కథ మొత్తం మొదటి నుంచి కావాలి. అదీ అమ్మ నోటితోనే వినాలి.

"ఎట్లయింది వదినా? సూది ఇచ్చిండా? నొప్పి తెలిసిందా?"

ఇంటికి వచ్చినవాళ్లకు జవాబు చెప్పకపోతే ఏం బాగుంటుంది? అమ్మ ఒక పక్క పెదవితోనే చెప్పింది. తర్వాత వచ్చినవాళ్లకు మళ్లీ చెప్పింది. లేచి టీ పెట్టింది. "వేడి వేడి టీ తాగు, నొప్పి పోతది" అని ఎవరో బలవంతపెడితే రెండు గుక్కలు తాగింది.

దీవెన మంచినీళ్లు అందించింది. "ఎంత తెలివిగల బిడ్డ!" అని వాళ్లు మెచ్చుకుంటుంటే ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. అమ్మ ముఖం పాలిపోవడం చూడనేలేదు.

చివరికి పాట అందుకున్నారు. అందరూ తన కోసమే పాడుతున్నారు కదా అని అమ్మ కూడా గొంతు కలిపింది.

వాళ్లు వెళ్లాక అమ్మ గోడ పట్టుకుని గిన్నెలు కడిగే జాలాడి దగ్గరకు నడిచింది. వంగి ఉమ్మింది. ఎర్రగా పడింది. మళ్లీ ఉమ్మింది. మళ్లీ ఎరుపే.

దీవెన పక్కింటి సారలమ్మ దగ్గరికి పరుగెత్తింది. "పెద్దమ్మా, అమ్మకు మల్ల రక్తం వస్తుంది!"

సారలమ్మ చేతిలో పని వదిలేసి, ఫ్రిజ్‌లోంచి ఐసు ట్రే తీసుకుని వచ్చింది. డాక్టర్ ఇచ్చిన దూది గుడ్డ మడిచి గాయం మీద పెట్టింది. "కొరికి పట్టుకో సువార్తా. ఉమ్మకు, మాట్లాడకు" అంటూ తల కింద రెండు దిండ్లు ఎత్తుగా పెట్టింది.

తర్వాత దీవెన వైపు తిరిగింది. "ఇంతమందిని ఎవరు పిలిసిన్రే?"

దీవెన తల వంచుకుంది. "నేనే పెద్దమ్మా."

సారలమ్మ ఐసు గుడ్డలో చుట్టి దీవెన చేతికిచ్చింది. దీవెన దాన్ని అమ్మ బుగ్గకు ఆనించి కూర్చుంది. గంట గడిచాక రక్తం ఆగింది.

"నొస్తుందా అమ్మా?" అని అడిగింది.

అమ్మ అడ్డంగా తల ఊపింది. రెండు అరచేతులు కలిపి చెంప కింద పెట్టుకుని చూపించింది. నిద్ర. పొద్దుటి నుంచి ఆమె కోరింది అదొక్కటే. దీవెనకు ఏడుపు ఆగలేదు.

ఎండ చల్లబడే వేళకు సారలమ్మ ఇంటికి వెళ్లింది. అమ్మకు నిద్ర పట్టింది. అప్పుడే గల్లీ మలుపులో తెల్లచీరలు కనిపించాయి. పాస్టర్ గారి భార్య అయ్యగారమ్మ ముందు నడుస్తోంది. వెనక ఆరేడుగురు. ఒకామె చేతిలో కంజీర కూడా ఉంది.

దీవెన బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. అయ్యగారమ్మను గుమ్మంలో ఆపిన పిల్ల ఆ చర్చిలో ఇంతవరకు లేదు.

"వందనాలు అయ్యగారమ్మా. అమ్మ ఇప్పుడే పండుకుంది. లేపకుండ్రి."

"అంబర్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన బిడ్డా. ఒక్క నిమిషం సూసి పోతం" అంది కంజీర పట్టుకున్నామె.

"వద్దు అత్తా. అందరొచ్చి మాట్లాడిస్తే మల్ల రక్తం వచ్చింది. మిమ్మల్ని రమ్మన్నది నేనే. తప్పు నాదే. ఏమడగాల్నో నన్ను అడుగుండ్రి. నేను చెప్త."

కంజీర ఆమె ముఖం చిన్నబోయింది. అయ్యగారమ్మ గుమ్మం ముందున్న సిమెంటు గచ్చు మీద చతికిలబడింది.

"ఇక్కడనే చేద్దాం. ఎవరి మనసుల వాళ్లు" అంది మెల్లగా.

అందరూ కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. పాట లేదు, కంజీర మోగలేదు. ఆ నిశ్శబ్దంలో తలుపు వెనక నుంచి సన్నగా అమ్మ గురక వినిపించింది. కంజీర ఆమె నవ్వు రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెళ్లేటప్పుడు వాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని గల్లీ చివరిదాకా నడిచారు. దీవెన లోపలికి వెళ్లలేదు. ఇంకా ఎవరైనా వస్తారేమోనని గడప మీద కూర్చుని కాపలా కాసింది.