ఖాళీ ట్రైలర్ బరువు

మధ్యాహ్నం రెండు. అప్పటికే కటిక చీకటి. ధ్రువానికి ఇంత దగ్గరలో, డిసెంబర్‌లో ఈ లోయకు సూర్యుడు రాడు.

ముందు రోడ్డు మీద ఎర్ర లైటు ఊగుతోంది... బండ్ల తూకం చెకింగ్!

"ఆపకు!"

పక్క సీట్లోంచి ఓద్వార్ పిస్టల్, వ్యాన్ నడుపుతున్న తోర్గైర్ పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.

"ట్రైలర్‌తో ఆపకుండా పోతే వెంటపడతారు."

"సరే, ఆపు. నోరు జారావో... ముందు నువ్వు, తర్వాత వెనక నీ తమ్ముడు!"

వెనక. మూసిన ట్రైలర్‌లో, కాళ్లూ చేతులూ కట్టేసి, నోటికి టేపుతో ఎల్దార్. బయట మైనస్ పద్దెనిమిది. గంట దాటింది.

పన్నెండున్నరకి చేపల గోదాములో కాపలావాణ్ణి కాల్చేసి, ఓద్వార్ ఈ అన్నదమ్ముల వ్యాన్ ఎక్కాడు. ఫిన్లాండ్ సరిహద్దు దాటించాలి. తూకంలో పట్టుబడకూడదని చేపల పెట్టెలన్నీ మంచులో పారబోయించాడు.

తెలివైనవాడే. కానీ తూకం సంగతి వాడికి సగమే తెలుసు.

కిటికీ దగ్గరికి టార్చి వస్తోంది. పిస్టల్ ఓద్వార్ కోటు కిందికి జారింది, గురి మాత్రం మారలేదు. రోడ్డు తనిఖీ అధికారి గున్‌వోర్! ఆరేళ్ల కిందట ట్రైలర్ లైసెన్స్ పరీక్షలో ఒకే ప్రశ్న మీద తనను రెండుసార్లు ఫెయిల్ చేసిన మనిషి.

"ఏమయ్యా తోర్గైర్, ట్రైలర్ ఇంత తేలిగ్గా ఊగుతోంది, చేపలేవీ? ఈదుకుంటూ పోయాయా?"

నవ్వాలి. నవ్వు రావడం లేదు.

"ఖాళీ ట్రైలరేనండీ. ఖాళీదానికి మామూలు కారు లైసెన్స్ చాలు కదా?"

అదే ప్రశ్న. అదే తప్పు జవాబు.

టార్చి వెలుగు అతని ముఖం మీద ఆగిపోయింది. ఒక్క క్షణం...

"చాలదు!" అంటుంది గట్టిగా. "లోపల ఎంతుందని కాదు, ఎంత మొయ్యొచ్చని కాగితం మీద ఉందో అదే లెక్క. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ట్రైలర్ ఇక్కడే ఉంటుంది. నేనే విప్పుతా. వ్యాన్ తీసుకుని పో!"

మూడోసారి పాస్ చేసి తనకు ట్రైలర్ లైసెన్స్ ఇచ్చిందే ఆమె; అది ఉందని తెలిసీ లేనట్టే మాట్లాడింది. ఆమెకు అర్థమైంది!

ఓద్వార్ దవడ బిగుసుకుంటోంది. వాదిస్తే పోలీసులొస్తారు.

"విప్పండి మేడమ్," అంటాడు తీయగా. తర్వాత తోర్గైర్ చెవిలో... "నాకు నువ్వొక్కడివి చాలు. వాడు గడ్డకట్టి చస్తాడు."

వెనక కొక్కెం ఊడిన చప్పుడు.

తోర్గైర్ వైపు అద్దంలో... గున్‌వోర్ ట్రైలర్ గోడకు చెవి ఆనించింది. ఆమె చెయ్యి గడియ మీద పడింది!

వ్యాన్ కదులుతుంది. తేలిగ్గా. భయంగొలిపేంత తేలిగ్గా.

ఇంతసేపూ ప్రతి మలుపులో ఒకటే ఆలోచన... బ్రేకు గట్టిగా పడితే తమ్ముడి తల ఎక్కడ తగులుతుందో అని. అదే తనను కట్టేసిన తాడు. పిస్టల్ కాదు.

ఇప్పుడు వెనక ఎవరూ లేరు.

ఎనభై... తొంభై... ముందు మలుపు. దాని అవతల రాతిగోడ.

"ఏంట్రా ఈ స్పీడు?"

ఓద్వార్ బెల్టు పెట్టుకోలేదు. పిస్టల్ పట్టుకోవడానికి అడ్డమని. తోర్గైర్ పెట్టుకున్నాడు.

"బెల్టు పెట్టుకో ఓద్వార్," అంటాడు తోర్గైర్. "అదీ రూలే!"

పిస్టల్ పేలింది.

స్టీరింగ్ అప్పటికే రాతిగోడ వైపు తిరిగిపోయింది!