ఎనిమిదో పాటకి ఆమెన్

"ఆగండి," అంది స్వర్ణకుమారి అద్దం అవతలనుంచి. "చివర్లో అదేటి?"

"ఏదండీ?"

"ఆమెన్."

ఇమ్మానుయేలు హెడ్‌ఫోన్స్ తీశాడు. నిజమే. అమ్మాయి నడుము మీద రాసిన పాట గంటసేపు చెమటోడ్చి పాడి, చివర్లో కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాడు. పన్నెండేళ్ళు చర్చిలో పాడిన నోరు మరి. పాట ఆగిందంటే దానంతటదే అనేస్తుంది.

"అది కోసేస్తాను. ఇంకోసారి పాట అవగానే నోరు మూసుకోండి."

"మరి పాట ఎలాగుంది?"

"అందుకే మూసుకోమన్నాను."

జగదల్‌పూర్ స్టేషన్ వెనక, పెళ్ళి వీడియోలు తీసే రాజ్‌కుమార్ గది అది. గోడలకి గుడ్ల ట్రేలు అంటించి, బయట స్టూడియో అని బోర్డు తగిలించాడు. రికార్డింగ్ చేసేది స్వర్ణకుమారి.

ఇమ్మానుయేలు తండ్రి ఇక్కడే రైల్వే గ్యాంగ్‌మన్, సొంతూరు విజయనగరం దగ్గర. కొడుకు సొంతంగా పాటలు రాసి తొలి ఆల్బమ్ చేస్తానంటే ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అలవాటైపోయింది. ఎనిమిది పాటలు, అన్నీ ప్రేమ మీదే. అనుభవం సున్నా.

"తెలుగులోనా? యహాఁ కౌన్ సునేగా? ఇక్కడ వినేదెవరు?" అన్నాడు రాజ్‌కుమార్. జన్మలో వాడు చెప్పిన నిజం అదొక్కటే.

ఇనప రాయి మోసే గూడ్సు కిరండూల్ గనుల నుంచి వచ్చిందంటే గదంతా వణికేది. మైకు ఆపి, యాభై ఎనిమిది వ్యాగన్లూ పోయేదాకా ఇద్దరూ కూర్చోవాలి. సినిమాల్లో ప్రేమికులకి వాన కురుస్తుంది. వీళ్ళకి ఇనుము దొరికింది.

"మూడో పాటలో పిల్ల కళ్ళు సముద్రం అన్నారు. ఎప్పుడైనా చూశారా?" అందామె వ్యాగన్లు లెక్కపెడుతూ.

"మాది విజయనగరమండీ. సముద్రం చూడకపోవడమేటి?"

"పిల్లని."

అతను హెడ్‌ఫోన్స్ మళ్ళీ తగిలించుకున్నాడు. ఐదో పాటకొచ్చేసరికి గూడ్సు లేటైతే రైల్వేని తిట్టుకోవడం మొదలెట్టాడు, అదీ రైల్వే క్వార్టర్‌లో పడుకుని.

ఏడో పాట అయ్యాక ఆమె వైర్లు చుడుతూ చెప్పింది. "సోమవారం విశాఖపట్నం వెళ్ళిపోతున్నాను. డబ్బింగ్ స్టూడియోలో ఉద్యోగం. ఎనిమిదోది శనివారానికి తెచ్చెయ్యండి."

ఎనిమిదో పాట ఎప్పుడో రాసి ఉంది. ఇంటికెళ్ళి చింపేశాడు.

శనివారం కొత్తది పాడాడు. అందులో సముద్రం లేదు, నడుము లేదు.

*నోరు తెరిస్తే ఆగమంటుంది,*
*బళ్ళెళ్తుంటే లెక్కెడుతుంది.*
*యాభై ఎనిమిదితో ఆపకే పిల్లా,*
*ఆఖర్న నేనున్నా, నన్నూ కలుపుకో.*

పాట అయింది. పళ్ళు బిగించి నిలబడ్డాడు.

"ఆమెన్ మర్చిపోయారు," అంది.

"మర్చిపోలేదండీ. మా చర్చిలో ప్రార్థన చేసేవాడు ఒక్కడు. ఒప్పుకున్నవాళ్ళు ఆమెన్ అంటారు. లేపోతే ఊరుకుంటారు."

సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. గుడ్ల ట్రేలు వణికాయి. ఆమె చెయ్యి మీట మీదే ఉంది గానీ రికార్డింగ్ ఆపలేదు. ఒకటి, రెండు, పది, నలభై. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"మరి విశాఖపట్నం?" అంది లెక్క మధ్యలో.

"రైలుంది కదండీ. పట్టాలు మా నాన్నే చూస్తాడు."

"మీ నాన్న చూస్తాడనే భయం."

ఆఖరి వ్యాగన్ పోయింది. ఇంట్లో పైడితల్లమ్మ పటానికి రోజూ దండం పెట్టే పిల్ల, తలుపు తోసుకుని లోపలికొచ్చింది. మొదటిసారి మైకు ముందు, అతని పక్కన నిలబడింది.

"యాభై తొమ్మిది," అంది. "ఆమెన్."

తర్వాత విని రాజ్‌కుమార్ తల పట్టుకున్నాడు. "బండి చప్పుడేంటి, చివర్లో ఆడగొంతేంటి? కాట్ దో, కోసెయ్."

ఏడు ఆమెన్లు కోసిన స్వర్ణకుమారి కుర్చీలోంచి కదల్లేదు.

"ఇది కొయ్యను," అంది.