కరుణాంకం

2081 నాటికి పళ్ళు సరిచేయించుకోవడం క్షవరం చేయించుకున్నంత తేలికైపోయింది. పొద్దున ఎత్తుపళ్ళతో వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనం వేళకు చక్కటి వరసతో ఇంటికొస్తాడు. దంతచాలకం అనే యంత్రం ధ్వని తరంగాలతో దవడ ఎముకను కాసేపు మెత్తబరుస్తుంది. దమ్ముచేసిన మళ్ళో నాగలిని తోలినట్టు పన్నును అందులో నడిపిస్తుంది.

చిక్కల్లా చిట్టచివరి జ్ఞానదంతంతోనే. వరస మొత్తం వెనక్కి జరిగితే దాని వేరుకు చోటు చాలదు. పెరిగే వయసులో ఆ వేరు కొక్కెంలా వంగుతుంది. ముదిరిన వయసులో సూటిగా కిందికి దిగి, పెదవికి స్పర్శనిచ్చే నరాన్ని నొక్కేస్తుంది.

ఇరవై ఏళ్ళ కిందట డాక్టర్ పరాంకుశం ఈ యంత్రాన్ని మొదట ప్రయోగించింది రంగనాయకి అనే పదిహేడేళ్ళ సన్నాయి కళాకారిణి మీద. వేర్లు వంగి నరాన్ని చుట్టుకున్నాయి. కింది పెదవి మొద్దుబారింది. సన్నాయి మూలపడింది. "ఆ పిల్ల వేర్లు పుట్టుకతోనే వంకర" అని రాసేసి ఆయన చేతులు దులుపుకున్నాడు.

జనం గోల చేశాక సమవేదిని కనిపెట్టాడు. అది నడిపేవారు నుదుటికి కట్టుకునే పట్టీ. రోగి దవడలో ఎంత నొప్పి పుడితే, యంత్రం నడిపేవారి దవడలోనూ అంతే పుడుతుంది, గాయం మాత్రం కాదు. రోగులు ఊరికే కేకలేస్తారని వాళ్ళ మాటకు విలువివ్వలేదు. ఆపే మీట నడిపేవారి చేతిలోనే పెట్టాడు. తనకు నొస్తే ఎవరైనా ఆపి తీరతారని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికే రేపు ఢిల్లీలో సన్మానం.

సన్మానంలో నవ్వు బాగుండాలని ఇవాళ తనే కుర్చీలో కూర్చున్నాడు. యంత్రం నడిపేది కోటేశ్వరి, రంగనాయకి అక్క. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"మత్తు ఇమ్మంటారా సార్?"

"మత్తిస్తే పట్టీకి ఏం తెలుస్తుందమ్మా? నాకు నొస్తే నీకూ నొస్తుంది. నువ్వే ఆపేస్తావు."

"అంతేలెండి."

వరస వెనక్కి కదిలింది.

"నొప్పి నాలుగు. ఆపమంటారా?" అడిగింది యంత్రం.

"కానీ," అంది కోటేశ్వరి.

"ఏడు."

కోటేశ్వరికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"చాలమ్మా! ఆపు!" అరిచాడు పరాంకుశం.

"రంగనాయకి గుర్తుందా సార్? సన్నాయి ఊదే పిల్ల."

"ఎవరో నాకేం తెలుసు! ముందిది ఆపు!"

"మా చెల్లెలండీ."

"తొమ్మిది," అంది యంత్రం.

పరాంకుశం కుర్చీలో గింజుకున్నాడు. "నీకూ నొస్తోందిగా, పిచ్చిదానా!"

"చచ్చేంత నొస్తోంది సార్." కోటేశ్వరి దవడ పట్టుకుని ఒగర్చింది. "ఈ కొలువులో చేరిందే దీనికోసం."

మీటను ఆపే వైపు కాక, ముందుకే ఇంకాస్త నెట్టింది.

ఠక్కున ఇద్దరి నొప్పీ ఆగిపోయింది. తన కింది పెదవి ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది కోటేశ్వరికి. పట్టీ తీసింది. పెదవి మళ్ళీ తనదైంది. పరాంకుశం గడ్డం మీదికి చొంగ కారుతోంది. అది ఆయనకు తెలియడం లేదు.

"నొప్పి సున్నా. చికిత్స సఫలం," అంది యంత్రం. "రోగితో ఇంత నొప్పి పంచుకున్నవారు ఇంతవరకు లేరు. మీ కరుణాంకం నూటికి నూరు."

"సరిగ్గా వినపళ్ళేదు," అంది కోటేశ్వరి, కుర్చీకేసి చూస్తూ. "సార్‌కి వినపడేట్టు ఇంకోసారి చెప్పు."