వేడెక్కితే మూగబోయే ట్యూనర్

ఆదివారం పొద్దున్నే చిసంగా పరుగెత్తుకొచ్చి డిటెక్టివ్ ముతింత ఆఫీసు గుమ్మంలో చతికిలబడ్డాడు. కిట్వే ఊళ్లో గని కార్మికుల క్లబ్బులో బార్ చూసుకునే మనిషి. అతనంత బెదిరిపోవడం ముతింత సహాయకుడు లుబాసి ఎన్నడూ చూడలేదు.

"అమ్మా, నన్ను కాపాడాలి! క్లబ్బు రేడియో నేనే చెడగొట్టానంటున్నారు. మ్యాచ్ టైముకి అది పలక్కపోతే సామాను సర్దుకోమన్నారు. క్లబ్బు వెనక గదిలోనే మా సంసారమంతా!"

"చెడగొట్టావా తమ్ముడూ?"

"పిల్లల మీద ఒట్టు, లేదమ్మా! మాది కబ్వే ఊరు. ఇవాళ ఫుట్‌బాల్ ఫైనల్లో కిట్వే జట్టుతో ఆడేది మా కబ్వేనే. అదే నా నేరం."

కొట్లలో బ్యాటరీలు దొరకని రోజులవి. రాజధాని లుసాకాలో జరిగే ఆట వినాలంటే పేటంతటికీ క్లబ్బులోని పాత రేడియో ట్యూనరే దిక్కు. వారం నుంచి అది పెట్టగానే గణగణమంటోంది, కాసేపటికి గొంతు పోతోంది. మర్నాడు మళ్లీ మామూలే.

క్లబ్బు గుమ్మంలోనే సెక్రటరీ న్కాండు ఎదురయ్యాడు.

"డిటెక్టివ్‌ని కూడా తెచ్చుకున్నాడా వెధవ! మేడమ్, ఆ పెట్టె కొన్నాక ఎవ్వరూ విప్పలేదు. వీడే తీగలు లాగుతున్నాడు. రాత్రి మన గోల్‌కీపర్ రేడియోలో ఏం మాట్లాడాడండీ! మొక్కజొన్న షిమా ముద్ద తినడం ఆపేసి చివరిదాకా విన్నాను. అలాంటివాడి ఆట మాకు వినపడకుండా చేస్తాడా వీడు?"

ముతింత తల ఊపి, బార్ దగ్గరికి నడిచింది.

"సెక్రటరీగారు రోజూ వస్తారా?"

"ఇదివరకు వార్తలకి తప్పకుండా వచ్చేవారమ్మా," అన్నాడు చిసంగా. "వాళ్లింట్లోనూ ఇలాంటి పెట్టే ఉంది. కాసేపు పలికి చస్తోందని తిట్టుకునేవారు. ఈ వారం మాత్రం రావట్లేదు."

లుబాసి మర మేకులు విప్పి ట్యూనర్ మూత తీసి, ఆన్ చేశాడు. ట్యూనర్ ఎంతసేపైనా ఆగలేదు. మూత పెట్టాక కాసేపట్లో నోరు మూసింది.

"లోపల వేడి చేరితేనే ఆగుతోంది," అంది ముతింత. "చిసంగా, ఐసు ముక్క పట్రా. మీ ఆవిడ దగ్గర జుట్టు ఆరబెట్టే మిషనుందా?"

ముతింత మూత మళ్లీ తీయించి, వేడిగాలి కొట్టించి ట్యూనర్‌ను మూగబోయేలా చేసింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఐసును లోపలున్న ఒక్కో బుల్లి ట్రాన్సిస్టర్‌కీ ఆనించింది. ఉలుకూ పలుకూ లేదు. మూలనున్న ఒకదాన్ని తాకిందో లేదో, హాలంతా పాట మోగిపోయింది!

"దొరికింది!" లుబాసి ఎగిరి గంతేశాడు.

"సగమే దొరికింది. అందర్నీ పిలువు."

క్లబ్బు పెద్ద సిముకొండ ముందు వరసలో కూర్చున్నాడు. న్కాండు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"పెట్టెలో సీసం అతుకులన్నీ పాతబడి మసకబారాయి," అంది ముతింత. "ఈ ట్రాన్సిస్టర్ అతుకులు మాత్రం తళతళలాడుతున్నాయి. మర మేకుల మీద కొత్త గీతలున్నాయి. ఎవరో మంచిది పీకి, వేడెక్కితే పనిచేయనిది పెట్టారు. అలాంటిది ఎవరింట్లో ఉండేది? సెక్రటరీగారూ, రాత్రి గోల్‌కీపర్ మాటలు చివరిదాకా దేంట్లో విన్నారు?"

"అది... పక్కింట్లో..."

"పక్కింట్లో షిమా తిన్నారా? సరే, మీ ట్యూనర్ ఇక్కడికి తెప్పిద్దాం. అతుకులే చెబుతాయి."

న్కాండు ముఖం పాలిపోయింది. "ఇంట్లో కూర్చుని వినాలనిపించింది," గొణిగాడు. "క్లబ్బుది మొరాయిస్తే ఇంత గొడవవుతుందనుకోలేదు."

"నిందేమో వీడి మీద వేశావు!" సిముకొండ లేచాడు. "నడు. నీ పెట్టె నువ్వే మోసుకురా. ఇవాళ్టి నుంచి నువ్వు సెక్రటరీవి కావు."

వీధి వీధంతా చూస్తుండగా న్కాండు ట్యూనర్‌ను నెత్తిన పెట్టుకొచ్చాడు. మూత తీస్తే, దానిలోనూ అదే చోట అతుకులు తళతళలాడాయి. లుబాసి చకచకా తీగలు తగిలించాడు. ఆట అప్పుడే మొదలైంది!

సిముకొండ బార్ దగ్గరికొచ్చి అందరికీ వినపడేలా అన్నాడు: "చిసంగా, తప్పు మాది. క్షమించు నాయనా. ఆ గది నీదే."

చిసంగా గ్లాసులు తుడుస్తూ ఉండిపోయాడు. అంతలో వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. గోల్! కొట్టింది కబ్వే!

హాలంతా ఉసూరుమంది. చిసంగా రెండు చేతులా నోరు మూసుకున్నాడు.

"అదేంట్రా!" అన్నాడు సిముకొండ. "మీవాళ్లు గోల్ కొడితే నువ్వు అరవకపోతే ఎవరరుస్తారు? అరవరా!"

చిసంగా అరిచిన అరుపుకి అరలోని గ్లాసులు గలగలలాడాయి.